డాక్టరమ్మ కోటుకి రెండో కాజా

కాజాల అక్కకి ఒక పేరు ఉండే ఉంటుంది. కానీ ఆ కోట్ల దుకాణంలో ఏళ్ళ తరబడి ఎవరికీ దానితో పని పడలేదు. కోటుకి గుండీ పట్టే కన్నాన్ని కాజా అంటారు. మామూలు చొక్కాకైతే దాన్ని మిషను చిటికెలో కొట్టిపారేస్తుంది. ఖరీదైన కోటుకి మాత్రం చేత్తోనే కుట్టాలి. గుడ్డని ఉలితో చీల్చి, చీలిక అంచు వెంట సన్నటి తాడు పెట్టి, మైనం రాసిన పట్టుదారంతో ముడి పక్కన ముడి వేసుకుంటూ చుట్టూ తిరిగి రావాలి. ఒక్క ముడి వదులైనా ఆరునెలల్లో కాజా నోరు తెరుస్తుంది. అక్క కుట్టిన కాజా మాత్రం కోటు పేలికలైనా నోరు తెరిచేది కాదు. నోరు తెరిచే పనంతా అక్కే చూసుకునేది.

ఆ నోటికి అడ్డూ ఆపూ లేవు. కొత్తగా చేరిన ఆడపిల్ల ఎవరైనా వంకర కుట్టు వేస్తే, "అవి వేళ్ళా, వంకాయ తొడిమలా?" అనేది. అంతటితో వదిలితే ఎవరూ పెద్దగా బాధపడేవాళ్ళు కాదు. కాజా నచ్చకపోతే అందరినీ పని ఆపమని, కోటు పైకెత్తి చూపించి, కత్తెరతో ముడులన్నీ ఒక్కొక్కటే కోసేసేది. దుకాణం యజమానీ, కటింగ్ చేసేవాడూ అయిన మాస్టరు అప్పుడు తల వంచుకుని సుద్దముక్క వెతుక్కునేవాడు. ఆవిడ మొగుడు పెళ్ళైన మూడో ఏడే జ్వరంతో పోయాడు. జ్వరానికి కాదు, ఆవిడ నోటికి జడిసి పోయాడని వెనకాల చెప్పుకునేవాళ్ళు.

ఆ కత్తెర దెబ్బ అందరికంటే ఎక్కువ తగిలింది సొంత చెల్లెలికే. చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. అక్కతోపాటు అదే రెండు గదుల ఇంట్లో ఉండేది, అదే దుకాణంలో అక్క పక్కనే కూర్చునేది. వయసులో ఉన్నప్పుడు, ఎంతో ఇష్టంగా ఒక కాజా కుట్టి అక్కకి చూపించింది. అక్క దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇదిగో, మా చెల్లెలు కోటుకి పుండు కుట్టింది చూడండి" అని కోసేసింది. అందరూ నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది, ఇంకేం చేస్తుంది. ఆ తరవాత మళ్ళీ కాజా జోలికి పోలేదు. అంచులు మడిచి కుట్టడం, గుండీలు వేయడం, అంతే.

యాభై దాటిన ఏడు అక్క వేళ్ళకి రోగం వచ్చింది. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. వేళ్ళ మొదటి కణుపులు ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉండేవి. వేణ్ణీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుంటే, పొద్దెక్కాక గాని సూది పట్టేందుకు లొంగేవి కాదు. వీధి చివర డాక్టరు వయసు అన్నాడు. ఇంకొకాయన చలి అన్నాడు. మూడో ఆయన అసలు చేతులవైపు చూడకుండానే బలం మాత్రలు రాశాడు. అలా తిరిగి తిరిగి, చివరికి పెద్దాసుపత్రిలో కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి చేరేసరికి రోగం బాగా ముదిరింది.

డాక్టరమ్మ రక్తం తీయించింది, ఎక్స్‌రే తీయించింది, వేళ్ళన్నీ ఒక్కొక్కటే పట్టుకుని చూసింది.

"ఇది వయసూ కాదు, చలీ కాదమ్మా. కీళ్ళవాతం. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి మీ కీళ్ళమీద పడి తింటోంది. ఇప్పటికి ఎముకలు బాగానే ఉన్నాయి. గట్టి మందు పడితే చేతులు దక్కుతాయి. ఆలస్యమైతే మాత్రం తిన్న ఎముక తిరిగి రాదు."

చేతులు దక్కుతాయి అన్న మాట అక్క చెవిలో పడింది. తరవాత మాటలే పడలేదు, అసలు కొంప మునిగింది అక్కడే. అలా ఎముకలు ఇంకా పాడవనివాళ్ళ కోసం ఆ ఆసుపత్రిలో ఒక కొత్త మందు మీద పరిశోధన జరుగుతోంది. డాక్టరమ్మ దాని గురించి ఓపిగ్గా, నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"ఇది జాగ్రత్తగా వినండి. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. నాలుగో నెలలో కీళ్ళు చూస్తాం. అప్పటికి తగ్గనివాళ్ళకి ఇంక ఆలస్యం చెయ్యం, అసలు మందే మొదలుపెడతాం. తగ్గినవాళ్ళు మాత్రం ఏది వేసుకుంటున్నారో అదే ఏడాది చివరిదాకా వేసుకోవాలి."

ఇంతకంటే విడమరిచి ఎవరూ చెప్పలేరు. కానీ ఆ సమయంలో అక్క డాక్టరమ్మ మొహం చూడటం లేదు, తెల్లకోటు చూస్తోంది. పైనుంచి రెండో కాజా. మిషను కుట్టు. దారం తెగి, పోగులు ఊడి, గుండీ పట్టు తప్పి అస్తమానం బయటికి జారుతోంది. డాక్టరమ్మ మాట్లాడుతూనే దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటోంది. ఇంత చదువుకున్న మనిషి ఇలాంటి కోటు వేసుకుని ఎలా తిరుగుతోంది, ఇది కుట్టినవాడి చేతులు విరిచెయ్యాలి అనుకుంటూ, మనసులో ఆ కాజా విప్పి మళ్ళీ కుట్టేస్తోంది అక్క.

"అర్థమైందా?"

"అయిందమ్మా."

"ఏదీ, ఒకసారి మీరు చెప్పండి."

"మాత్ర తప్పకుండా వేసుకోవాలి. పిలిచినప్పుడల్లా రావాలి."

"ఇంకా?"

"మీకు చెప్పకుండా వేరే మందులు వేసుకోకూడదు."

"అదీ! ముఖ్యంగా స్టెరాయిడ్ మాత్రలు. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చేస్తారు. వాటితో వాపు దాక్కుంటుంది గాని, లోపల ఎముకని తినడం ఆగదు" అంది డాక్టరమ్మ. ఇంతలో ఫోను మోగింది. అక్క సంతకం పెట్టేసింది.

ఆ పరిశోధనలో కీళ్ళు చూడటానికి డాక్టరమ్మ కాకుండా వేరే మనిషి ఉన్నాడు. బట్టతల, నున్నగా కత్తిరించిన గోళ్ళు, చల్లటి చేతులు. అక్క ఆయనకి నొక్కుడాయన అని పేరు పెట్టింది. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ళ కణుపులు, మోకాళ్ళు, అన్నీ కలిపి ఇరవై ఎనిమిది కీళ్ళు నొక్కుతాడు. తన బొటనవేలి గోరు తెల్లబడేంతవరకే నొక్కాలని లెక్క. పాదాలు ఆ లెక్కలో లేవు. అక్క కుంటుకుంటూ వచ్చినా ఆ కుంటు ఎక్కడా ఎక్కదు. పైగా ఆయన "ఇక్కడ నొప్పా?" తప్ప ఇంకో ముక్క మాట్లాడకూడదు. ఏం మందు వేసుకుంటున్నారు, ఎలా ఉంటున్నారు, ఇంట్లో ఎవరున్నారు, ఏదీ అడక్కూడదు. తెలిస్తే లెక్క ఒకవైపు మొగ్గుతుందట. మాటలే అన్నంగా బతికిన అక్కకి ఆ గదిలో ఊపిరాడేది కాదు.

మాటలన్నీ బయట బెంచీమీదే. అక్కడ రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉండేది, ఆవిడా పరిశోధనలో మనిషే. జీవితమంతా పరీక్షలు పెట్టిన మనిషికి లోకంలో ప్రతిదీ పరీక్షలాగే కనిపిస్తుంది కదా.

"నాలుగో నెలలో తేలుస్తారంట. తగ్గినవాళ్ళు ఉంటారు, తగ్గనివాళ్ళు బయటికి" అంది టీచరమ్మ.

"బయటికంటే?"

"బయటికంటే బయటికే. పాసవ్వనివాణ్ణి పైక్లాసులో ఎవరు కూర్చోబెడతారండీ? ఊరికే మందు పోస్తూ కూర్చుంటారా ఏంటి?"

టీచరమ్మకీ డాక్టరమ్మ అంతే ఓపిగ్గా చెప్పింది. ఆవిడ దాన్ని తనకి తెలిసిన బళ్ళో పద్ధతికి సర్దుకుంది. అక్క మాత్రం మారు ప్రశ్న వెయ్యకుండా నమ్మేసింది. ఎందుకు నమ్మదు? జీవితమంతా తను చేసింది అదే. బాగా రాని కాజాని ఉంచుతారా? కత్తెర పెట్టి కోసేస్తారు.

ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు. మాత్ర వేసుకుంటూనే ఉంది, వాపు ఉన్నచోటే ఉంది. నొక్కుడాయన నొక్కిన ప్రతిచోటా ప్రాణం విలవిల్లాడేది. మూడో నెల చూపించుకుని వచ్చిన సాయంత్రం జుట్టు ముడి వేసుకోలేక దువ్వెన గోడకేసి కొట్టింది. చెల్లెలే వచ్చి జుట్టు పట్టుకుంది.

"వచ్చే నెల తీసేస్తారే నన్ను" అంది అక్క.

"ఎవరు చెప్పారు?"

"అందరికీ తెలుసు. తగ్గనివాళ్ళని తీసేస్తారు. తీసేస్తే ఆ మందు మనం జన్మలో కొనుక్కోలేం. చేతులు పోతాయి. కాజాలు కుట్టని కాజాల అక్క ఎందుకే, తగలెయ్యడానికా?"

చెల్లెలు జడ అల్లడం మొదలుపెట్టింది. "ఒకసారి డాక్టరమ్మనే అడుగుదామా? నేనూ వస్తాను."

"నీకు కాజా కుట్టడమే రాదు, నాకు వైద్యం చెబుతావా? వెళ్ళి మందుల దుకాణంలో, డాక్టరమ్మ వద్దన్న ఆ చిన్న తెల్ల మాత్రలు పట్రా. నాలుగో నెల ఒక్కసారి గట్టెక్కితే చాలు."

 చెల్లెలు ఇంకేదో చెప్పేదే. కానీ ఆ ఒక్క మాటతో అక్క ఆ నోరు కూడా కోసేసింది. చెల్లెలు జడ చివర బిగించి, చెప్పులేసుకుని వెళ్ళి మాత్రలు తెచ్చింది. మళ్ళీ ఎప్పుడూ సలహా ఇవ్వలేదు. ఇది గుర్తుంచుకోవాలి. ఆ ఇంట్లో అక్కకి మేలు కోరే మనిషి ఒక్కతే ఉండేది, ఆ సాయంత్రంతో ఆ ఒక్కతీ లేకుండా పోయింది.

చిన్న తెల్ల మాత్రలు పనిచేశాయి. వాటితో వచ్చే మాయే అది. నాలుగో నెల పరీక్షకి ముందు కొన్నిరోజులు వేసుకునేసరికి వాపు దిగిపోయింది, వేళ్ళు లొంగాయి. పొద్దున్నే లేచి, కిటికీ దగ్గర నిలబడి ఒక్క ప్రయత్నంలో సూదిలో దారం ఎక్కించింది. ఏడ్చింది కూడా. ఎన్నాళ్ళకో దొరికిన తన చేతుల్ని చూసుకుని, చిన్నపిల్లలా ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

నొక్కుడాయన గోరు తెల్లబడింది. "ఇక్కడ నొప్పా?"

"లేదండి."

"ఇక్కడ?"

"లేదు."

మణికట్టు దగ్గర మాత్రం నొప్పి చురుక్కుమంది. లేదనే అంది. నొక్కుడాయన చెయ్యి అక్కడే ఆగింది. ఆవిడ మొహంలోకి చూసి, "ఇక్కడ నొప్పా?" అని మళ్ళీ అడిగాడు. ఆయనకి అంతకు మించి అడిగే హక్కు లేదు. లేదండి అని నవ్వింది అక్క. ఆయన లెక్క చెప్పాడు, పక్కనున్న నర్సు రాసుకుంది.

అక్క బయటికి వచ్చేసరికి, తరవాత లోపలికి వెళ్ళిన టీచరమ్మ అరుపులు వినిపించాయి. ఆవిడకి ఓర్పు తక్కువ, వేలు తగలకముందే కేకలు పెట్టేది. పాపం, తప్పింది అనుకుంది అక్క. అనుకుని కాస్త సంతోషపడింది కూడా, లేనిపోని మంచితనం ఆవిడకి అంటగట్టడమెందుకు.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "భలే తగ్గిందమ్మా! ఇలాగే కొనసాగిద్దాం."

ఆ సంతోషంలో అక్క నోరు జారింది. "అమ్మా, మీ కోటు ఒక్కసారి విప్పి ఇస్తారా? ఆ రెండో కాజా చూడలేకపోతున్నాను."

డాక్టరమ్మ నవ్వుతూ కోటు విప్పి ఇచ్చింది. అక్క బెంచీమీద కూర్చుని సంచీలోంచి సూది, మైనం ముక్క, తెల్ల పట్టుదారం తీసింది. మిషను కుట్టంతా విప్పేసి, అంచు సరిచేసి కుట్టింది. అరువు తెచ్చుకున్న వేళ్ళతోనే కుట్టింది గాని, అంత మంచి కాజా ఆవిడ ఆ మధ్యకాలంలో కుట్టలేదు. ముడులు ముత్యాల్లా వచ్చాయి. అలాంటిది తరవాత కూడా కుట్టలేదు.

అక్కని తీసెయ్యలేదు. టీచరమ్మనీ తీసెయ్యలేదు. అక్కకి అది వింతగానే తోచింది, కానీ పెద్దాసుపత్రి కదా, ముసలావిడ మీద జాలిపడి ఉంటారు అనుకుంది. తెల్ల మాత్రలు ఆపగానే వాపు వడ్డీతో సహా తిరిగొచ్చింది. దుకాణంలో కోట్లు పేరుకున్నాయి. మాస్టరు మొదట గొణిగాడు, తరవాత గొణగడం మానేశాడు. అక్కకి చాలా ఆలస్యంగా తెలిసింది ఎందుకో. తను ఆసుపత్రికి వెళ్ళిన రోజుల్లో చెల్లెలు కాజాలు కుడుతోంది.

ఆరో నెలో ఏడో నెలో, మళ్ళీ తెల్ల మాత్రలు మింగి బెంచీ దగ్గరికి వచ్చేసరికి, టీచరమ్మ నిటారుగా కూర్చుని ఉంది. మాత్రలు ఇంకా పూర్తిగా పట్టక, అక్క చేతిలోని నీళ్ళసీసా మూత రాక తంటాలు పడుతుంటే, "ఇలా ఇవ్వండి" అని తీసుకుని ఒక్క మలుపుతో తిప్పేసింది. ఆ చేతులకి వాపన్నదే లేదు.

"చూశారా! నేను ఫెయిలయ్యాను కాబట్టి బతికిపోయాను" అని పకపకా నవ్వింది.

"అంటే?"

"అప్పుడు నేనే తప్పు చెప్పాను మీకు. తగ్గనివాళ్ళని తీసెయ్యడం కాదండీ, వాళ్ళకే అసలు మందు ఇస్తారంట! డాక్టరమ్మ మొదటిరోజే చెప్పారు, నా బుర్రకే ఎక్కలేదు. మీకేం, మీరు అప్పటికే పాసైపోయారు. మీకు పడింది అసలు మందే అయ్యుంటుంది."

 బెంచీ, గోడ, టీచరమ్మ పళ్ళు, అన్నీ అక్కకి దూరంగా జరిగినట్టనిపించింది. తాగకుండానే సీసా సంచీలో పెట్టేసింది. తనకి పడింది అసలు మందు కాదని తనకి తెలుసు. చేతులకి తెలుసు. చెప్పేద్దాం అనుకుంది. ఈ రోజే, ఇప్పుడే, కాళ్ళమీద పడైనా చెప్పేద్దాం. తిడితే తిట్టనీ, చేతులు దక్కుతాయి. అప్పటికి ఇంకా దక్కేవే.

నిజం చెప్పాలనే లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ గదిలో ఇంకో ఇద్దరున్నారు. మందు తయారుచేసే కంపెనీ తరఫున పరిశోధన ఎలా జరుగుతోందో చూడటానికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకాయన వేసుకున్న కోటు చూడగానే అక్క కన్ను దానంతట అదే కాజాలమీదికి పోయింది. చేతికుట్టే. మంచి కుట్టే.

"సరిగ్గా సమయానికి వచ్చారు!" అంది డాక్టరమ్మ. "నేను చెప్పింది ఈవిడ గురించే. చేరినప్పుడు సూది పట్టుకోలేని మనిషి. నాలుగో నెలలో నా కోటుకి ఇది కుట్టిచ్చారు."

కోటాయన లేచి వచ్చాడు. వంగి, డాక్టరమ్మ కోటుకున్న రెండో కాజాని దగ్గరగా చూశాడు. వేలితో ముడులు తడిమాడు. తరవాత తన కోటు కాజా చూసుకున్నాడు.

"నాదానికంటే ఇదే బాగుందండీ. ఇంత మంచి పని నేనెక్కడా చూళ్ళేదు" అన్నాడు.

ఏళ్ళ తరబడి ఆవిడ కుట్టిన కోట్లు వేసుకుని ఎంతమంది తిరిగారో లెక్కలేదు. కాజా ఎవరు కుట్టారని అడిగినవాడు ఒక్కడు లేడు. ఒక్కడు వంగి చూడలేదు. ఇప్పుడొకడు చూశాడు. అక్క నడుం దానంతట అదే నిటారైంది.

"వేరే మందులేవీ వేసుకోలేదు కదమ్మా?" డాక్టరమ్మ మామూలుగా అడిగింది. ప్రతిసారీ అడిగేదే.

ఆ కోటాయన ఇంకా అక్కవైపే చూస్తున్నాడు.

"లేదమ్మా" అంది అక్క.

ఇది ఎవరూ ఆవిడచేత చెప్పించలేదు. ఆకలి చెప్పించలేదు, భయం చెప్పించలేదు. పొగరు చెప్పించింది. ఎంతోమంది ఆడపిల్లల్ని ఏడిపించిన ఆ పొగరే ఆ రోజు తనని పెంచి పోషించిన మనిషినే మింగింది. ఇంటికి వెళ్తూ దారంతా, వచ్చేసారి చెబుతాను, ఒంటరిగా ఉన్నప్పుడు చెబుతాను అని తనకి తానే సర్దిచెప్పుకుంది. వచ్చేసారి ఇంకేదో అడ్డం వచ్చింది. ఒకసారి అబద్ధం చెప్పాక దానికి తగ్గట్టు చేతులు కనిపించాలి కదా, తెల్ల మాత్రలు ఎక్కువయ్యాయి. మొహం గుండ్రంగా ఉబ్బింది. "అక్కా, ఒళ్ళు చేశావే, ఏం తింటున్నావేంటి?" అన్నారు దుకాణంలో. ఆవిడ విసుక్కుంటే ఇంతకుముందు భయపడేవాళ్ళు, ఇప్పుడు కిసుక్కున నవ్వారు. డాక్టరమ్మ కూడా ఒకసారి మొహం కాస్త వాచినట్టుందే అంది. సరిగ్గా నిద్రపట్టడం లేదమ్మా అని దాటేసింది. నొక్కుడాయన మాత్రం ఆ మొహంవైపు చాలాసేపు చూశాడు. ఆయనకి తెలిసిపోయిందనే నా నమ్మకం. కానీ అడక్కూడదు. "ఇక్కడ నొప్పా?" అన్నాడంతే.

ఏడాది తిరిగింది. చివరి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ అక్కని పిలిచి, వెలుగుతున్న తెరమీద రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టింది. పాతదాంట్లో ఎముకల అంచులు నున్నగా ఉన్నాయి. కొత్తదాంట్లో, పురుగు కొట్టిన ఉన్నిగుడ్డలా ఎక్కడికక్కడ కన్నాలు. అలాంటి గుడ్డ చేతికొస్తే అక్క మాస్టరు మొహాన కొట్టేది.

"వాపు లేదు, నొప్పి లేదు, కానీ ఎముక ఇలా పోయింది. ఇది జరగదు" అంది డాక్టరమ్మ.  "మీకు ఏ మాత్ర వెళ్ళిందో ఈ రోజే బయటపెట్టారు. ఉత్తి మాత్రమ్మా. ఏడాది పొడుగునా మీకు మందే లేదు. నిజం చెప్పండి. ఏం వేసుకున్నారు?"

అక్క చెప్పింది. అన్నీ చెప్పింది, టీచరమ్మ దగ్గర్నుంచి కోటాయనదాకా. డాక్టరమ్మ మంచిదే, అందుకే కోపం ఆపుకోలేకపోయింది.

"నాలుగో నెలలో మీ చేతులు ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే, ఆ మర్నాడే అసలు మందు మీ చేతిలో పెట్టేదాన్ని! మొదటిరోజే చెప్పానా లేదా? మీ ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా చెప్పానా లేదా?"

"చెప్పారమ్మా" అంది అక్క. "అప్పుడు నేను మీ కాజా చూస్తున్నాను."

డాక్టరమ్మ చెయ్యి కోటుమీది రెండో గుండీ దగ్గరికి పోయి ఆగిపోయింది. గొంతు తగ్గించి, మామూలు చికిత్స మొదలుపెడతానని, రోగం ఇంకా ముందుకు పోకుండా ఆపుతానని, పోయిన ఎముకని మాత్రం తేలేనని చెప్పింది. పరిశోధనలోంచి అక్క లెక్కని తీసెయ్యక తప్పదని కూడా చెప్పింది. దేనికి భయపడి ఏడాదంతా ఇంత చేసిందో, అదే చివరికి జరిగింది. తీసేశారు.

మందు పడ్డాక నొప్పి నిజంగానే తగ్గింది. నొప్పి లేని, పనికిరాని చేతులు మిగిలాయి. వేళ్ళు ఒక పక్కకి ఒరిగిపోయాయి, కుడి బొటనవేలు వంగదు. మాస్టరు వెళ్ళిపొమ్మనలేదు. గుండీలు రంగుల వారీగా ఏరి డబ్బాల్లో వేసే పని ఇచ్చాడు. అక్క పాత ఎత్తుపీటమీద ఇప్పుడు చెల్లెలు కూర్చుంటోంది. కొత్తగా చేరిన ఆడపిల్లలు కాజాల అక్కా అని చెల్లెల్ని పిలుస్తున్నారు. మొదట్లో రెండు తలలూ పైకి లేచేవి. ఇప్పుడు ఒకటే లేస్తోంది.

చెల్లెలు పని బాగానే ఉంది. అక్క పనంత కాదు, కానీ బాగానే ఉంది. ఒకరోజు నల్లకోటు ఒకటి పూర్తిచేసి బల్లమీద పెట్టింది. అక్క గుండీలు ఏరుతూనే తల తిప్పి చూసింది. కళ్ళు మాత్రం ఏ రోగమూ తినలేదు కదా.

"మూడో ముడి వదులైంది" అంది.

మిషన్లు ఆగాయి. ఆడపిల్లలు తలలెత్తారు. చెల్లెలు కోటు తీసి, వెలుతురుకి పట్టి చూసింది.

"అవునక్కా, వదులే" అంది. తరవాత బల్లమీద పెద్ద కత్తెర తీసి అక్క ముందు పెట్టింది. "కొయ్యి."

అక్క కత్తెరవైపు చూసింది. ఏళ్ళుగా తన చేతిలో ఉన్న కత్తెరే. పిడి వంపులో తన వేలి రాపిడికి పడిన నునుపు ఇంకా ఉంది. చెయ్యి చాపింది. ఉబ్బి గట్టిపడిన కణుపు కత్తెర కన్నంలో దూరలేదు. రెండో చేత్తో నెట్టింది. దూరలేదు. మొత్తం అరచేత్తో ఎత్తబోతే జారి నేలమీద పడి ఖణేలుమంది. ఎవరో ఒక పిల్ల ముందు నవ్వింది, ఆ తరవాత మిగతావాళ్ళు.

చెల్లెలు నవ్వలేదు. వంగి కత్తెర తీసుకుని దుమ్ము తుడిచి తన పక్కన పెట్టుకుంది. "మందు వేసుకున్నావా పొద్దున?" అని అడిగింది.

"వేసుకున్నాను" అంది అక్క.

"సరే అయితే, గుండీలు చూసుకో" అని చెల్లెలు కోటు మడిచి ఇస్త్రీకి పంపింది. మూడో ముడి అలాగే ఉంది.